రొయ్యల చెరువుకి వేసే లెక్క ఎంబీఏకి ఎందుకు వెయ్యరు?

భీమవరం చుట్టుపక్కల ఎవరైనా ఐదెకరాల చెరువు కౌలుకి తీసుకోవాలంటే ముందు నాలుగు రోజులు గట్ల మీదే తిరుగుతారు. నీళ్లు ఏ కాలువ నుంచి వస్తాయి, ఉప్పు శాతం ఎంత, కిందటి పంటకి వైట్ స్పాట్ జబ్బు తగిలిందా, తగిలితే ఎన్నో రోజున తగిలింది, కరెంటు పోతే జనరేటరుందా, పట్టుబడి రోజున వ్యాను గట్టుదాకా వస్తుందా, ఇవన్నీ యజమానిని అడిగి ఊరుకోరు, పక్క చెరువాయన్ని టీ కొట్టు దగ్గర పట్టుకుని మళ్లీ అడుగుతారు. అదే ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఎంబీఏ చేస్తానంటే మాత్రం లక్షలకి లక్షలు పోసే ఆ వ్యవహారం రెండు మాటల్లో తేలిపోతుంది. "ఎక్కడ చేద్దామనుకుంటున్నావ్ రా?" "ఐసెట్ రాశాను నాన్నా, ర్యాంకు బట్టి చూడాలి." అంతే. ఆ తర్వాత కాలేజీ తరఫు మనిషి ఇంటికొస్తాడు, రంగుల కరపత్రం ఇస్తాడు, దాని మీద పెద్ద అక్షరాలతో ఒక ప్యాకేజీ అంకె ఉంటుంది, సీటు ఖాయమైపోతుంది.

దీనికి కారణం అమాయకత్వం అనుకోనక్కర్లేదు. చెరువు గురించి ఏం అడగాలో ఈ ప్రాంతం ముప్పై ఏళ్లుగా దెబ్బలు తిని నేర్చుకుంది. ఎంబీఏ గురించి ఏం అడగాలో చెప్పడానికి చాలా ఇళ్లలో ముందు తరం ఎవరూ లేరు. బీటెక్ చేసినవాళ్లు ఊరికి నలుగురున్నారు, అమెరికాలో ఎంఎస్ చేసినవాళ్లు వీధికొకరున్నారు, మంచి బిజినెస్ స్కూల్లో చదివిన మనిషి మాత్రం వెతికితే కానీ దొరకరు.

అందుకే వరస తల్లకిందులవుతుంది. ముందు పరీక్ష, పరీక్ష ఇచ్చిన ర్యాంకు, ర్యాంకు ఇచ్చిన కాలేజీ, కాలేజీ తెచ్చిన ఉద్యోగం, ఇలా ప్రతి మెట్టూ కిందటి మెట్టు మీద ఆధారపడి చివరికి ఎక్కడ తేలితే అక్కడ. నిజానికి నడవాల్సింది రెండో వైపు నుంచి. ఏ పని చేద్దామని? ఆ పనికి మనుషుల్ని కంపెనీలు ఏ కాలేజీల నుంచి తీసుకుంటున్నాయి? ఆ కాలేజీకి ఎంతవుతుంది, అప్పు చేస్తే నెలకి ఎంత కట్టాలి? ఇవి తేలాక పరీక్ష పేరు దానంతటదే వస్తుంది. ఇరవై రెండేళ్ల వయసులో ఏ పని చెయ్యాలో ఎవరికి తెలుస్తుందండీ అంటే, కచ్చితంగా తెలియకపోయినా పరవాలేదు, కనీసం ఏది వద్దో తెలిస్తే సగం కాలేజీలు జాబితాలోంచి పోతాయి. మార్కెటింగ్ అంటే ప్రకటనలు తీయడం అనుకుని చేరి, మొదటి ఉద్యోగంలో మేత కంపెనీ తరఫున పాలకొల్లు నుంచి నరసాపురం దాకా డీలర్ల చుట్టూ బండి మీద తిరగాల్సొచ్చినప్పుడు మోసపోయామనుకునేవాళ్లు ఉన్నారు. అది మోసమేం కాదు, మార్కెటింగ్ ఎంబీఏల్లో చాలామందికి మొదటి రెండేళ్లూ అదే పని. అందులో బాగా పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. అడిగి చేరడం వేరు, చేరాక తెలుసుకోవడం వేరు.

ఇక ఐసెట్, అంటే మన రాష్ట్రంలో ఎంబీఏ సీట్లకి పెట్టే పరీక్ష సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య ఫ్యాషనైంది కానీ అంత తీసిపారేయాల్సింది కాదు. రెండు వందల ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకి 45 సెకన్లు, తప్పుకి మార్కు కొట్టేయరు. 200కి 50 వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకి ఆ పరిమితి కూడా లేదు. అంత తేలికైన గేటు దాటి లోపలికెళ్తే కనిపించే కాలేజీలు మాత్రం ఒకే రకం కావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ 1957లోనే మొదలైంది, అప్పటికి కేంద్ర ప్రభుత్వ బిజినెస్ స్కూలు అహ్మదాబాద్ ఐఐఎం పుట్టనే లేదు, అది 1961లో వచ్చింది. కాకినాడ జేఎన్‌టీయూ, రాజమహేంద్రవరంలో 2006లో పెట్టిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉన్నాయి. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటొస్తే ఖర్చు తక్కువ, పేరు ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, పట్టుదల ఉన్నవాళ్లు అక్కడి నుంచి బ్యాంకు పరీక్షలకీ ఇతర ఉద్యోగాలకీ వెళ్తూనే ఉన్నారు. ఇబ్బంది మిగతా వాటితో. ఇంజినీరింగ్ కాలేజీలో ఒక అంతస్తు కేటాయించి, బీటెక్ చెప్పే మేష్టార్ల చేతే పాఠాలు చెప్పించి, "అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటామండీ" అనే చోట రెండేళ్లు ఉండి వచ్చేది ఒక సర్టిఫికెట్టు మాత్రమే. ఆ సర్టిఫికెట్టే కావలసినవాళ్లు కొందరుంటారు. ఇంటి రైస్ మిల్లు చూసుకోబోయే అబ్బాయి, ఇప్పటికే ఉద్యోగం చేస్తూ ప్రమోషన్‌కి పీజీ అడుగుతున్న మనిషి. వాళ్లకి ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీ తెలివైన ఎంపికే. ఉద్యోగం కోసం ఎంబీఏ చేసేవాళ్లకి మాత్రం ఆ ఎంపిక పనికిరాదు. అందులోనూ మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బు కట్టి చేరడం మరీ దండగ. ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధనలు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చాయి కాబట్టి, "మీకు ఒక్క రూపాయి పడదండీ" అని ఎవరైనా అంటే ఆ ఏడాది జీవో చూపించమని అడగడం మర్యాద తక్కువేం కాదు.

కరపత్రం మీది అంకె దగ్గరికి వద్దాం, అసలు గోల అంతా అక్కడే ఉంది.

రొయ్యల ధర ఎవరైనా చెబితే డెల్టాలో వెంటనే వచ్చే ప్రశ్న "ఏ కౌంటు?" అని. కిలోకి 30 తూగే రొయ్య ధర వేరు, 100 తూగేది వేరు. ముప్పై కౌంటు ధర విని వంద కౌంటు చెరువుకి లెక్కేసుకునేవాణ్ణి ఎవరూ వ్యాపారి అనరు. కాలేజీ చెప్పే హయ్యెస్ట్ ప్యాకేజీ సరిగ్గా ఆ ముప్పై కౌంటు ధరే. ఆ ఏడాది బ్యాచ్ మొత్తంలో ఒక్కరికి, బహుశా ముందే ఐదేళ్ల అనుభవం ఉన్న ఒక్కరికి వచ్చింది. ఆ తర్వాత చెప్పేది యావరేజ్ ప్యాకేజీ. అది కొంచెం నయంలా కనిపిస్తుంది కానీ దాని ఆట దానిది. ఊళ్లో వంద ఎకరాల ఆసామి ఒకాయన, ఎకరం చొప్పున ఉన్న రైతులు తొమ్మిదిమంది ఉన్నారనుకోండి. సగటు తీస్తే మనిషికి 10 ఎకరాల 90 సెంట్లు. ఆ ఊళ్లో పదెకరాల రైతు ఒక్కడూ లేడు. అందరినీ పొలం కొద్దీ వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికెంత అని అడిగితే ఎకరం అని తేలుతుంది. ఆ మధ్య అంకెనే మీడియన్ అంటారు. కాలేజీని అడగాల్సింది మీడియన్. చెప్పకుండా యావరేజ్ దగ్గరే తిప్పుతున్నారంటే జవాబు వచ్చేసినట్టే.

మీడియన్ చెప్పినా మరో మెలిక ఉంది. ఎంతమందిలో? నూట ఇరవై మంది బ్యాచ్‌లో ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చింది తొంభై మంది, ఉద్యోగమొచ్చింది డెబ్భై మందికి అనుకుందాం. మీడియన్ ఆ డెబ్భై మందిదే తీసి, "ప్లేస్‌మెంట్ కోరుకున్న అందరికీ" లాంటి ఒక మాట చేర్చి, మిగిలిన యాభై మందిని అసలు లేనట్టు చేసెయ్యొచ్చు. పైగా ఆ ప్యాకేజీలో చేతికొచ్చేదెంత? కంపెనీ వేసే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, టార్గెట్ కొడితేనే వచ్చే వేరియబుల్, ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్, అన్నీ కలిపి చెప్పే అంకె అది. పెద్ద ఐఐఎంలలో కొన్ని ప్లేస్‌మెంట్ వివరాలని ఒక ప్రామాణిక పద్ధతిలో, ఆడిట్ చేయించి ప్రకటిస్తాయి. అహ్మదాబాద్ ఐఐఎం చొరవతో వచ్చిన ఆ పద్ధతిని ఐపీఆర్ఎస్ అంటారు. అలాంటి నివేదిక ఒకటి దింపుకుని చదివితే, ఆ తర్వాత ఏ కరపత్రం చూసినా అందులో ఏం దాచారో కనిపెట్టడం అలవాటవుతుంది.

ర్యాంకింగుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కేంద్రం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ఒక్కటి చూస్తే చాలు, అది కూడా ఫలానా కాలేజీ పదో స్థానమా పదిహేనో స్థానమా అని కొట్టుకోవడానికి కాదు, మొదటి యాభైలో ఉందా, వందలో ఉందా, అసలు లేనే లేదా అని తెలుసుకోవడానికి. పత్రికల్లో పేజీ నిండా ప్రకటన, పక్క పేజీలో ర్యాంకు వచ్చే కాలేజీల సంగతి ఎవరికి వాళ్లు అర్థం చేసుకోవచ్చు.

ఎంబీఏ, పీజీడీఎం తేడా మీద మాత్రం అనవసరమైన భయం ఎక్కువ. యూనివర్సిటీ ఇస్తే ఎంబీఏ డిగ్రీ, యూనివర్సిటీకి అనుబంధం లేని స్వతంత్ర సంస్థ ఇస్తే పీజీడీఎం, పేరులో డిప్లొమా. ఐఐఎంలు కూడా 2017 చట్టం వచ్చేదాకా డిప్లొమాలే ఇచ్చాయి, ఎవరూ చిన్నచూపు చూడలేదు. జంషెడ్‌పూర్ ఎక్స్ఎల్ఆర్ఐ ఇచ్చేది పీజీడీఎమే. సంస్థకి కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఉందా, విశ్వవిద్యాలయాల సంఘం ఏఐయూ దాని డిప్లొమాని ఎంబీఏతో సమానంగా గుర్తించిందా అన్న రెండూ చూస్తే చాలు. ఐఐఎంలు సొంత చట్టం కింద ఉంటాయి కాబట్టి వాటికి ఏఐసీటీఈ గొడవ లేదు. హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ ఏఐసీటీఈ పరిధిలో లేదు, కంపెనీలకి దానితో పట్టింపూ లేదు, కానీ రేపు లెక్చరర్ ఉద్యోగమో పీహెచ్‌డీయో అనుకునేవాళ్లు ఆ విషయం ముందే తెలుసుకోవాలి.

ఇప్పుడు అప్పు లెక్క. కౌలు లెక్క వేసినట్టే కాగితం మీద వెయ్యాలి, నోటి లెక్క కుదరదు.

ఓ మోస్తరు ప్రైవేటు బిజినెస్ స్కూలు, రెండేళ్లకి 12 లక్షలు అనుకుందాం, ఏడాదికి 6 లక్షల చొప్పున బ్యాంకు ఇస్తుంది, వడ్డీ 10 శాతం. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది గడువు, మొత్తం మూడేళ్లు వాయిదాలుండవు. అసలు కట్టకపోవడమే తప్ప వడ్డీ ఆగదు. మొదటి 6 లక్షల మీద మూడేళ్ల వడ్డీ లక్షా ఎనభై వేలు, రెండో 6 లక్షల మీద రెండేళ్లది లక్షా ఇరవై వేలు. అంటే కట్టడం మొదలయ్యేనాటికి అప్పు 15 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 19,800. ఇప్పుడు ఆ కాలేజీ మీడియన్ 5 లక్షలైతే నెలకి చేతికొచ్చేది 35 వేల చిల్లర, అందులో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టలు, తిండి, బస్సు తీసేస్తే వాయిదాకే చాలదు. మూడో నెల నుంచి ఇంటికి ఫోన్ వస్తుంది, నాన్నగారు దాళ్వా పంట డబ్బుల్లోంచి పంపుతారు. ఉద్యోగం చేస్తున్న కొడుకు చదువుకి పొలం ఇంకా కడుతూనే ఉంటుంది.

అదే లెక్క పెద్ద ఐఐఎంకి వెయ్యండి. ఫీజు భయపెడుతుంది, రెండేళ్లకి 25 లక్షల చుట్టుపక్కల. అదే వడ్డీ, అదే పద్ధతిలో మూడేళ్లకి 31 లక్షల పైచిలుకు అవుతుంది, నెలకి 41 వేల పైన కట్టాలి. కానీ అక్కడి మీడియన్ 30 లక్షల ఆసుపాసుల్లో ఉంటుంది కాబట్టి వాయిదా పోను మనిషి సుఖంగా బతుకుతాడు. అంటే 25 లక్షల అప్పు కంటే 12 లక్షల అప్పే ప్రమాదం. మన ఇళ్లలో ఇది ఎంత చెప్పినా ఎక్కదు, ఎందుకంటే పెద్ద అంకె విన్నాక మిగతాది వినబడదు. ఢిల్లీ ఎఫ్ఎంఎస్ లాంటి చోట ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు చాలా తక్కువ, జీతాలు పెద్ద ఐఐఎంలతో పోటీ పడతాయి. అలాంటి సీటుకి పోటీ కూడా అలాగే ఉంటుంది.

అప్పు దొరికే తీరు కూడా కాలేజీని బట్టే. పేరున్న సంస్థలకి ప్రభుత్వ బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండానే పెద్ద మొత్తాలిస్తాయి, ఊరూ పేరూ లేని కాలేజీకైతే 7 లక్షల 50 వేలు దాటగానే పొలం కాగితాలు అడుగుతాయి. బ్యాంకు తాకట్టు అడుగుతోందంటే ఆ కాలేజీ మీద బ్యాంకుకి నమ్మకం లేదని కూడా అర్థం, ఆ మాట ఎవరూ పైకి అనరంతే. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన మంచి సంస్థలకి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా రుణం మీద వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకి ఇది వర్తించదు. ఇవేమీ కనుక్కోకుండా అమ్మ గాజులు పెట్టి బంగారం లోను తెచ్చి ఫీజు కట్టేవాళ్లున్నారు. బంగారం లోనుకి చదువయ్యేదాకా ఆగడం ఉండదు, సాధారణంగా ఏడాదికల్లా కట్టడమో తిరగరాయించడమో చెయ్యాలి.

ఇక పెద్ద పరీక్ష. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌కి ఏటా దాదాపు 3 లక్షల మంది దరఖాస్తు చేస్తారు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం, లాజిక్, లెక్కలు, మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు, ఒక భాగంలో మిగిలిన సమయం ఇంకోదానికి వాడుకోలేరు. సరైన జవాబుకి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పు పెడితే ఒకటి పోతుంది. ఇంటర్‌లో ఎంపీసీ రుబ్బించుకున్న మన పిల్లలకి లెక్కలంటే భయం లేదు, దెబ్బ ఇంగ్లీషులో పడుతుంది. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, రాసినవాళ్లలో ఎంత శాతం మంది మన కింద ఉన్నారన్న లెక్క. ఈమధ్య ఏళ్లలో మొత్తం మార్కుల్లో సగం లోపే తెచ్చుకున్నవాళ్లకి 99 పర్సంటైల్ వచ్చింది. కానీ ప్రతి భాగానికీ విడిగా కటాఫ్ ఉంటుంది కాబట్టి లెక్కల్లో 99, ఇంగ్లీషులో 60 అయితే మంచి ఐఐఎం ఏదీ పిలవదు. ఐసెట్ అలవాటుతో అన్నీ నింపేసి వచ్చినవాళ్లు ఇక్కడ మైనస్‌లలో కొట్టుకుపోతారు. ఇంగ్లీషుకి రెండు నెలల కోచింగ్ ఏమీ చెయ్యలేదు. రోజూ ఒక గంట, తనకి ఆసక్తి లేని విషయం మీద పొడుగాటి ఇంగ్లీషు వ్యాసం చదవడం ఏడాది ముందు మొదలుపెట్టాలి. ఆసక్తి లేనిదే ఎందుకంటే పరీక్షలో వచ్చేవి అవే కాబట్టి.

మార్కులొక్కటే చాలవు. ఇంటర్వ్యూకి పిలవడంలో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం, ఇంజినీరింగ్ కాని డిగ్రీ, అమ్మాయిలు కావడం, ఇవన్నీ ఒక్కో ఐఐఎం ఒక్కో పాళ్లలో కలుపుతుంది. ఎప్పుడో పదిహేనేళ్ల వయసులో రాసిన పరీక్ష ఇప్పుడు లెక్కలోకి రావడం అన్యాయంగా అనిపించొచ్చు కానీ ఆ పాళ్లు ముందే వెబ్‌సైట్లలో పెడతారు, కాబట్టి పదో తరగతి మార్కులు తక్కువై డిగ్రీ బాగున్నవాళ్లు దానికి తగ్గ సంస్థల్నే ఎంచుకోవచ్చు. పదో తరగతి మెమోలో మార్కులు కాకుండా గ్రేడు పాయింట్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎవరో చెప్పారని 9.5తో గుణించేయకండి, అది సీబీఎస్ఈ వాళ్ల పద్ధతి. మన బోర్డు చెప్పిందేమిటో, దరఖాస్తు సూచనల్లో ఏముందో అదే రాయాలి. తర్వాత సర్టిఫికెట్లతో పోల్చినప్పుడు తేడా వస్తే సీటు పోతుంది.

సర్టిఫికెట్ల దగ్గర సీటు పోగొట్టుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు, కాబట్టి ఇది కాస్త వివరంగా. "మాకు బీసీ సర్టిఫికెట్టు ఉందండి" అంటారు. అది రాష్ట్ర ప్రభుత్వ పద్ధతిది, ఐసెట్‌కి పనికొస్తుంది. ఐఐఎంలలో 27 శాతం ఓబీసీ కోటాకి కులం కేంద్ర జాబితాలో ఉండాలి, సర్టిఫికెట్టు కేంద్రం నమూనాలో ఉండాలి, క్రీమీ లేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గం) కాదని తహసీల్దారు రాయాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. క్రీమీ లేయర్ 8 లక్షల లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, ఇది తెలియక అర్హత ఉన్నవాళ్లే వదులుకుంటారు. ఏ రిజర్వేషనూ లేని కులాలవాళ్లకి 10 శాతం ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీనుల) కోటా ఉంది, అక్కడ 8 లక్షల్లో అన్ని ఆదాయాలూ కలుస్తాయి, పైగా కుటుంబానికి ఐదెకరాలు, ఆపైన సాగుభూమి ఉంటే అర్హత లేదు. కోనసీమలో ఐదెకరాల కొబ్బరి తోటకీ ఎక్కడో మెట్టలో ఐదెకరాల బీడుకీ ఆ నిబంధనలో తేడా లేదు. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉన్నా అంతే. ఈడబ్ల్యూఎస్ కాగితం ఏ ఏడాదికాయేడాదే తీసుకోవాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టి, వీఆర్వో విచారణ అయి, తహసీల్దారు సంతకమయ్యేసరికి ఎంత పడుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, క్యాట్ దరఖాస్తు ఆగస్టులో మొదలవుతుంది కాబట్టి జూన్, జులైల్లోనే కదలాలి.

తేదీలు గుర్తుపెట్టుకోవడానికి పొలం పనులే తేలిక. సార్వా నాట్లప్పుడు క్యాట్ దరఖాస్తులు మొదలు, సెప్టెంబరులో ముగుస్తాయి. నవంబరు ఆఖరి ఆదివారం పరీక్ష, ఊళ్లో కోతలు. ఎక్స్ఎల్ఆర్ఐ వాళ్ల జాట్ జనవరి మొదటి ఆదివారం, అంటే సంక్రాంతి హడావుడికి సరిగ్గా ముందు. ఇంటర్వ్యూలు దాళ్వా నడుస్తుండగా, ఏప్రిల్ కోతలకి సీట్లు తేలతాయి. ఐసెట్ వేసవిలో. వీటి మధ్య చాలామంది జారిపడే గొయ్యి ఒకటుంది. క్యాట్ రాస్తే ఐఐఎంలన్నిటికీ అదే దరఖాస్తు, 2025లో ఫీజు 2,600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 1,300. కానీ క్యాట్ మార్కులు తీసుకునే ఎఫ్ఎంఎస్, ఎస్పీజైన్, ఎండీఐ లాంటివాటికి విడిగా దరఖాస్తు పెట్టాలి, విడిగా ఫీజు కట్టాలి, గడువులు క్యాట్ ఫలితాల కంటే ముందే అయిపోతాయి. ఫలితాలొచ్చాక మంచి పర్సంటైల్ చేతిలో పట్టుకుని, పెట్టడానికి దరఖాస్తే లేక కూర్చునేవాళ్లు ఏటా ఉంటారు. అలాగని స్నాప్, ఎన్‌మ్యాట్, సీమ్యాట్, మ్యాట్ అన్నీ రాసేయడం కూడా తెలివి కాదు. చేరే ఉద్దేశం లేని కాలేజీకి పరీక్ష ఎందుకు?

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లది వేరే దారి. ఐఎస్‌బీ ఏడాది కోర్సుకి రెండేళ్ల అనుభవం, జీమ్యాట్ లేదా జీఆర్ఈ కావాలి, ఆ స్కోర్లు ఐదేళ్లు చెల్లుతాయి, క్యాట్‌లా ఏడాదికే చచ్చిపోవు. ఖర్చు 35 లక్షలు దాటుతుంది. విదేశీ ఎంబీఏ దాని తర్వాతి సంగతి. అమెరికాలో పేరున్న ఎంబీఏకి ఎంఎస్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువవుతుంది, వాళ్లు అనుభవం అడుగుతారు, బీటెక్ అవగానే తీసుకునే విదేశీ ఎంబీఏ ఏదైనా ఉంటే దాన్ని అనుమానంగా చూడటమే మంచిది. ఆన్‌లైన్ ఎంబీఏ ఉద్యోగంలో ఉండి పైమెట్టు ఎక్కడానికి పనికొస్తుంది, కొత్త ఉద్యోగం తెచ్చిపెట్టదు.

మనవాళ్లు అస్సలు చూడని వైపు ఇంకోటుంది. వెంకటరామన్నగూడెంలో హార్టికల్చర్ చదివిన అమ్మాయి, అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన అబ్బాయి, ఫిషరీస్ చదివినవాళ్లు గ్రూప్స్, బ్యాంకు అంటూ తిరుగుతారు కానీ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేనేజ్ అనే కేంద్ర సంస్థ ఉంది, అక్కడ అగ్రి బిజినెస్‌లో పీజీడీఎం వ్యవసాయ, అనుబంధ డిగ్రీలవాళ్ల కోసమే, క్యాట్ స్కోరు మీద తీసుకుంటారు. అహ్మదాబాద్, లక్నో ఐఐఎంలలో కూడా ఆహార, వ్యవసాయ వ్యాపారానికి విడి కోర్సులున్నాయి. 1979లో వర్గీస్ కురియన్ ఆనంద్‌లో మొదలుపెట్టిన ఇర్మా, ఇప్పుడు త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో భాగం, పల్లె వ్యాపారం, సహకార సంఘాల మీద పనిచేసేవాళ్లని తయారుచేస్తుంది. మేత, సీడ్, ఎగుమతి, ధాన్యం, కొబ్బరి, కడియం నర్సరీలు, ఇంత వ్యాపారం మధ్య పెరిగినవాళ్లకి ఈ కోర్సుల్లో ఉన్నంత బలం ఇంకెక్కడా ఉండదు.

ఆ బలాన్నే మనవాళ్లు ఇంటర్వ్యూలో దాచేస్తారు. వ్యాసం రాయమన్నా, నీ గురించి చెప్పమన్నా, ఇంటర్నెట్లో దొరికిన నాయకత్వ లక్షణాలు, కాలేజీ ఫెస్ట్‌లో వాలంటీరు, ఇవే. నాన్న చెరువు గురించో అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గురించో చెబితే పల్లెటూరివాళ్లనుకుంటారని భయం. ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్లు ఆ రోజు ఇరవైమంది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లని చూసి అలసిపోయుంటారు. అలాంటప్పుడు 2025లో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే ఆ భారం ఎగుమతిదారు మీద ఎంత, రైతు మీద ఎంత పడింది, ధర పడిపోయినా చెరువు ఎందుకు ఆపలేరు, మేత డీలరు దగ్గర అరువు ఉంటే సరుకు ఎవరికి అమ్మాలో ఎవరు నిర్ణయిస్తారు, ఇవి తెలిసిన మనిషి దొరికితే పావుగంట ఇంటర్వ్యూ అరగంట నడుస్తుంది. కానీ ఊరి పేరు చెప్పాక ఆ ఊరి గురించి తెలియకపోతే అంతకంటే ఇబ్బంది లేదు. అమలాపురం అని చెప్పినవాళ్లని 2011లో కోనసీమ రైతులు పంట విరామం ఎందుకు ప్రకటించారని అడగొచ్చు, రాజమండ్రి అంటే కాటన్ ఆనకట్టతో ఈ జిల్లాల ఆర్థిక పరిస్థితి ఎలా మారిందని అడగొచ్చు. చుట్టూ ఉన్నవాటిని ఒక వ్యాపారంలా ఎన్నడూ చూడకపోతే జవాబు రాదు, దానికి మళ్లీ వారం రోజులు గట్ల మీద, మార్కెట్ యార్డుల్లో తిరిగి అడగడమే ప్రిపరేషన్.

అమ్మాయిల విషయంలో ఇంకో అడ్డం. "రెండేళ్లు అంత దూరమా, ఈలోగా సంబంధాలు చూడాలి కదా" అన్న మాట దగ్గర దరఖాస్తే ఆగిపోతుంది. హైదరాబాద్‌కి సరే, అదే కోళికోడ్ అంటే వద్దు. విశాఖలో 2015 నుంచి ఐఐఎం ఉంది, గంభీరంలో సొంత క్యాంపస్, ఇంటి నుంచి రైల్లో కొన్ని గంటల ప్రయాణం. అక్కడిదాకా ఒప్పించడం కొంత తేలిక. అమ్మాయిలకి చాలా ఐఐఎంలు ఎంపికలో అదనపు పాయింట్లిస్తున్నాయి, బీకాం చేసినవాళ్లైతే ఇంజినీరు కానందుకు ఇంకొన్ని. అంటే మన దగ్గర ఇంట్లో అందరికంటే ముందు ఆపేసేది, కాగితం మీద అందరికంటే ఎక్కువ అవకాశం ఉన్న మనిషినే.

కాలేజీ ఖాయం చేసేముందు పక్క చెరువాయన్ని అడిగినట్టు అడగాల్సింది కిందటేడు బయటికొచ్చినవాళ్లని. కాలేజీ ఇచ్చిన ఫోన్ నంబర్లు వద్దు, అవి ఏరి ఇచ్చినవి. లింక్డిన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి, తన డిగ్రీ, తన మార్కులు, తనంత అనుభవం ఉన్నవాళ్లని పదిమందిని వెతికి, మర్యాదగా రాస్తే ముగ్గురైనా పలుకుతారు. మొదటి ఉద్యోగం ఏ ఊళ్లో, ఏ పని, నెలకి చేతికెంత వచ్చేది, ఇప్పటికీ అందులోనే ఉన్నారా అని అడగాలి. "మళ్లీ అవకాశమొస్తే అక్కడే చేరతారా" అని అడిగినప్పుడు జవాబుకి ముందు ఎంతసేపు ఆగారో కూడా గమనించాలి.

సీటు ఒప్పుకున్నాక మనసు మారినా దారి ఉంది. ఏఐసీటీఈ పరిధిలోని కాలేజీలో కోర్సు మొదలయ్యేలోపు తప్పుకుంటే, గరిష్ఠంగా వెయ్యి రూపాయలు మినహాయించుకుని మిగతా ఫీజంతా వెనక్కివ్వాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదు. పదో తరగతి మెమో, టీసీ ఇస్తేనే సీటు ఖాయమని కరపత్రం పట్టుకొచ్చిన మనిషి పట్టుబడితే, జెరాక్సులిచ్చి ఒరిజినల్స్ బీరువాలోనే ఉంచండి.